ఇంటిస్థలం కొలత: నాలుగు హద్దులు, కర్ణం, సర్వేరాయి

వ్యాససంగ్రహం

తెలుగు ప్రాంతాల్లో ఇంటిస్థలం మూడు రూపాల్లో కనిపిస్తుంది. దస్తావేజులో అది నాలుగు హద్దులు, ఒక విస్తీర్ణం. సర్వే రికార్డులో రాళ్ల మధ్య దూరాలు. నేలమీద గోడలు, కంచెలు, అనుభవం. ఈ మూడూ ఏకీభవించనప్పుడు హద్దు తగాదా పుడుతుంది. దస్తావేజు భాషలో హద్దులు చెప్పే సంప్రదాయాన్ని, చతుర్భుజ క్షేత్రఫలం గురించి భారతీయ గణితజ్ఞులు చేసిన హెచ్చరికను, మద్రాసు, హైదరాబాదు సర్వే పద్ధతులను, నేటి గృహనిర్మాణ నిబంధనలను ఈ వ్యాసం ఒకచోట చేర్చి పరిశీలిస్తుంది. నాలుగు పక్కల కొలతలు స్థలం ఆకారాన్ని నిర్ణయించలేవని, కర్ణం కొలత దానిని నిర్ణయిస్తుందని, స్థిరమైన సర్వేరాయితో అనుసంధానం ఆ స్థలం ఉన్న చోటును నిర్ణయిస్తుందని నిరూపించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం.

కీలకపదాలు: ఇంటిస్థలం, చతుస్సీమలు, కర్ణం, క్షేత్రఫలం, సర్వేరాయి, గ్రామకంఠం, టిప్పన్, సెట్‌బ్యాక్.

1. ఉపోద్ఘాతం

ఇంటిస్థలం కొనేటప్పుడు మన సమాజంలో సాధారణంగా జరిగే పరీక్ష ఒకటుంది. పాత దస్తావేజు తీసుకొని వెళ్లి, తూర్పు పడమరలు, ఉత్తర దక్షిణాలు టేపుతో కొలుస్తారు. దస్తావేజులో రాసిన అడుగులు నేలమీద దొరికితే కొలత సరిపోయిందని తృప్తిపడతారు. కొన్నేళ్ల తరువాత పక్కస్థలంవారు పునాది తీసినప్పుడో, పురపాలక సంఘం రోడ్డు వెడల్పు చేసినప్పుడో, బ్యాంకు తరఫున ఇంజనీరు వచ్చి స్థలాన్ని కొలిచినప్పుడో ఆ తృప్తికి భంగం కలుగుతుంది. దస్తావేజు అబద్ధం చెప్పలేదు, టేపు తప్పు చూపలేదు. అయినా స్థలం తగ్గుతుంది, లేదా ఉండవలసిన చోటునుంచి పక్కకు జరిగి ఉంటుంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? మనుషుల దురాశను కారణంగా చెప్పడం సులభం. అది కొన్ని తగాదాలకు నిజమైన కారణమే. కాని ఇరుపక్షాలూ నిజాయితీగా ఉన్నచోట కూడా హద్దు తగాదాలు వస్తున్నాయి. కాబట్టి కారణాన్ని కొలిచే పద్ధతిలో, కొలతను రాసే పద్ధతిలో వెతకాలి. ఈ వ్యాసం ఆ వెతుకులాటకు పరిమితం. హక్కు ఎవరిదన్న ప్రశ్న న్యాయస్థానాలకు చెందినది. హక్కు ఉన్న స్థలం ఎంత, ఎక్కడ అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

2. హద్దులు చెప్పే సంప్రదాయం

భూమిని చుట్టుపక్కల ఉన్నవాటితో గుర్తించడం తెలుగునాట ప్రాచీనమైన పద్ధతి. వేంగీ చాళుక్యుల తామ్రశాసనాల్లో దానభాగం సంస్కృతంలో నడిచినా, దత్తభూమి ఎల్లలు చెప్పే చోట చెరువులు, గుంటలు, పుట్టలు, చెట్లు, పొరుగూళ్ల పేర్లు తెలుగులో దర్శనమిస్తాయి. దీనికి కారణం స్పష్టం. ప్రశస్తి ఎవరికోసమైనా కావచ్చు, హద్దు మాత్రం ఆ ఊరివాళ్లకు తెలియాలి. భాషాచరిత్రకారులకు ఈ ఎల్లల వర్ణనలు విలువైన ఆధారాలు. ఎల్ల, మేర, పొలిమేర, గట్టు, పుంత, డొంక వంటి మాటలు మన వ్యవహారంలో నేటికీ నిలిచి ఉండడానికి ఈ అవసరమే మూలం.

నేటి విక్రయ దస్తావేజులోని షెడ్యూలు ఇదే సంప్రదాయానికి కొనసాగింపు. 'తూర్పు: ఫలానావారి ఇల్లు, దక్షిణం: రాస్తా, పడమర: ఫలానావారి ఖాళీస్థలం, ఉత్తరం: పంచాయతీ బాట, ఈ మధ్య గల స్థలం' అన్నది దాని వాక్యనిర్మాణం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షను ఆస్తిని గుర్తించడానికి తగిన వర్ణన లేని దస్తావేజును రిజిస్టరు చేయరాదంటుంది. పట్టణాల్లోని ఇళ్లను వీధి, ఎదుటి రోడ్డు, ప్రస్తుత పూర్వ అనుభవదారులు, ఇంటి సంఖ్య ద్వారా వర్ణించాలని చెబుతుంది. ప్రభుత్వ పటం లేదా సర్వేను ఆధారంగా చూపడం గురించి 22వ సెక్షను చెబుతుంది. అంటే చట్టంలో రెండు మార్గాలున్నాయి: చుట్టుపక్కలవాటితో చెప్పడం, పటంతో చెప్పడం. మన దస్తావేజు రచయితలకు మొదటిదే అలవాటు.

దస్తావేజులో హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన కుదరనప్పుడు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యమన్నది మన న్యాయస్థానాలు అనుసరించే సూత్రం. కొన్నవారు చూసి కొన్నది హద్దుల మధ్య ఉన్న నేలను, విస్తీర్ణం లెక్కకట్టి రాసినది అన్నది దీని వెనుక తర్కం. ఇది మినహాయింపు లేని సూత్రం కాదు. దస్తావేజు మొత్తాన్ని చదివి పక్షాల ఉద్దేశాన్ని నిర్ణయిస్తారు. అయినా ఈ సూత్రంవల్ల హద్దుల రచనకు ఎంత బరువు ఉందో తెలుస్తుంది.

ఆ బరువును మోయడానికి షెడ్యూలు భాష చాలడం లేదు. అందులో మూడు లోపాలున్నాయి. మొదటిది, పొరుగువారి పేరు శాశ్వతం కాదు. ఇల్లు చేతులు మారగానే 'తూర్పు: ఫలానావారి ఇల్లు' అన్న హద్దు పాత జ్ఞాపకంగా మిగులుతుంది. చాలామంది కొత్త దస్తావేజులో పాతపేర్లనే నకలు చేస్తారు. రెండవది, 'పొరుగువారి గోడ' అన్నప్పుడు ఆ గోడ ఎవరిది, హద్దు గోడకు ఇవతలా, అవతలా, నడిమధ్యనా అన్నది తెలియదు. తొమ్మిది అంగుళాల గోడ నలభై అడుగుల పొడవునా సాగితే దానికింది నేల 30 చదరపు అడుగులు. మూడవది, దిక్కులు వీధినిబట్టి రాసినవే తప్ప దిక్సూచినిబట్టి రాసినవి కావు. వీధి ఏటవాలుగా ఉన్న విదిక్కు స్థలంలో ఒక దస్తావేజుకు తూర్పు అయిన పక్క మరొక దస్తావేజుకు ఉత్తరం అవుతుంది.

3. నాలుగు పక్కలు చాలవు

షెడ్యూలులో హద్దుల పక్కన అడుగులు కూడా రాస్తారు కదా, అవి హద్దును స్థిరపరచవా అన్న ప్రశ్న సహజం. ఇక్కడే గణితం అడ్డుపడుతుంది.

నవారు మంచం పట్టెలను ఊహించుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. నాలుగు పట్టెల పొడవులు మారకుండానే మంచం ఒక పక్కకు వాలగలదు. పొడవులు అవే, ఆకారం వేరు, లోపలి వైశాల్యం వేరు. ప్రతి పక్క 40 అడుగులున్న స్థలం చతురస్రమైతే దాని విస్తీర్ణం 1,600 చదరపు అడుగులు. అదే స్థలం ఒక మూలకు లాగినట్టుండి, కర్ణాలు 48, 64 అడుగులైతే విస్తీర్ణం 1,536 చదరపు అడుగులే. నాలుగు పక్కలూ దస్తావేజు ప్రకారమే ఉన్నాయి, 64 చదరపు అడుగులు లేవు.

భారతీయ గణితజ్ఞులు ఈ విషయాన్ని బాగా ఎరుగుదురు. ఎదురెదురు పక్కల సగటులను గుణించి చతుర్భుజ క్షేత్రఫలం చెప్పే పద్ధతిని బ్రహ్మగుప్తుడు 628 నాటి బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో స్థూలఫలంగా పేర్కొని, సూక్ష్మఫలాన్ని వేరుగా చెప్పాడు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో వ్యావహారిక ఫలం, సూక్ష్మఫలం అనే భేదాన్ని పాటించాడు. పావులూరి మల్లన తెలుగు చేసిన గణితశాస్త్రం ఈ మహావీరుడిదే. 1150 ప్రాంతంలో లీలావతిని రచించిన భాస్కరాచార్యుడు మరింత కఠినంగా మాట్లాడాడు. లంబంగాని కర్ణంగాని చెప్పకుండా చతుర్భుజ ఫలం అడిగేవాడు పిశాచమని, దానికి సమాధానం చెప్పేవాడు అంతకు మించినవాడని ఆయన అభిప్రాయం. నాలుగు భుజాలు తెలిసినంతమాత్రాన ఆకారం నిలకడగా ఉండదన్నది ఆ పరిహాసంలోని శాస్త్రవిషయం.

భాస్కరుడు పరిహసించిన లెక్కే నేటికీ మన రిజిస్ట్రేషన్ వ్యవహారాల్లో నడుస్తోంది. తూర్పు, పడమర పక్కల సగటును ఉత్తర, దక్షిణ పక్కల సగటుతో గుణించి, తొమ్మిదితో భాగించి గజాలు రాస్తారు. ఒక ఊహాత్మక స్థలాన్ని తీసుకుందాం. ఉత్తరం 36, దక్షిణం 40, తూర్పు 50, పడమర 54 అడుగులు. ఈ ఒక్క స్థలానికి వచ్చే లెక్కలు ఇవి:

అ) సగటు పద్ధతిలో: 38 × 52 = 1,976 చదరపు అడుగులు, అంటే సుమారు 219.6 గజాలు.
ఆ) వాయవ్యంనుంచి ఆగ్నేయానికి కర్ణం 64 అడుగులైతే: రెండు త్రిభుజాల మొత్తం సుమారు 1,972 చదరపు అడుగులు, అంటే 219.1 గజాలు.
ఇ) అదే కర్ణం 56 అడుగులైతే: సుమారు 1,908 చదరపు అడుగులు, అంటే 212 గజాలు.

నాలుగు పక్కలు మారలేదు. కర్ణం ఎనిమిది అడుగులు తగ్గినందుకు విస్తీర్ణం ఏడు గజాలు తగ్గింది. గజం ధర వేలల్లో, లక్షల్లో పలికే పట్టణాల్లో ఇది చిన్న భేదం కాదు. మరొక విశేషమేమంటే, దీర్ఘచతురస్రం కాని ఏ చతుర్భుజానికైనా సగటు పద్ధతి అసలు కంటే ఎక్కువనే చూపుతుంది, తక్కువను ఎన్నడూ చూపదు. కాబట్టి ఈ తప్పు భారం ప్రతిసారీ కొన్నవారి మీదే పడుతుంది.

వాస్తు చర్చల్లో ఈశాన్యం పెరిగింది, ఆగ్నేయం పెరిగింది అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. మన స్థలాల్లో చాలావాటికి మూలమట్టం కుదరదన్న సంగతిని ఈ మాటలే అంగీకరిస్తున్నాయి. స్థలానికి మూలలు సరిచేయాలని కొందరు ప్రహరీని లోపలికి జరిపి కట్టి, ఒక ముక్కోణపు ముక్కను బయట వదిలేస్తారు. వదిలిన ముక్క దస్తావేజులో వారిదే, నేలమీద వీధిదో పొరుగువారిదో అవుతుంది. తరువాతి తరం ప్రహరీనే హద్దుగా భావిస్తుంది. ప్రైవేటు ఆస్తి విషయంలో ప్రతికూల అనుభవానికి 1963 నాటి కాలపరిమితి చట్టం నిర్దేశించిన గడువు 12 సంవత్సరాలన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

4. గొలుసు, కర్ణం, రాయి: సర్వే పటం నిర్మాణం

దస్తావేజు భాషలో లేని కర్ణం, సర్వే రికార్డులో ఉంది. మద్రాసు రాజధానిలో భూములు కొలిచిన పద్ధతికి కర్ణమే ఆధారం.

ఎడ్మండ్ గుంటర్ 1620లో రూపొందించిన 66 అడుగుల గొలుసు ఈ సర్వేకు సాధనం. దానిలో 100 లింకులు, లింకు 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం కావడంవల్ల లెక్క దశాంశాల్లో సులభమవుతుంది. మనం నిత్యం వాడే సెంటు ఈ గొలుసు బిడ్డే: వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. పొలాన్ని పొడవైన కర్ణాలతో త్రిభుజాలుగా విడగొట్టి, హద్దు వంకర తిరిగిన ప్రతి చోటునుంచి కర్ణం మీదికి లంబాలు కొలిచి రాసేవారు. ఈ లంబాలనే ఆఫ్‌సెట్లు అంటారు. ప్రతి సర్వే నంబరుకూ ఇలా తయారైన పటాల సంపుటి క్షేత్రమాపన పుస్తకం. ఉద్యోగుల వాడుకలో దాని పేరు ఎఫ్‌ఎంబీ. భాస్కరుడు కోరిన లంబం, కర్ణం రెండూ ఇందులో అంకెలుగా దొరుకుతాయి.

హైదరాబాదు సంస్థానంలో సర్వే బొంబాయి పద్ధతిని అనుసరించింది. అక్కడి గొలుసు 33 అడుగులు, దానిలో 16 ఆణాలు. ఒక గొలుసు చదరం ఒక గుంట, నలభై గుంటలు ఎకరం. ఒక ఆధారరేఖ గీసి, దానికి ఇరువైపులా లంబాలు కొలిచి క్షేత్రంలోనే రాసుకున్న చిత్తుపటం టిప్పన్. తెలంగాణ గ్రామాల్లో హద్దు చూపడానికి వచ్చిన సర్వేయరును రైతులు మొదట అడిగేది ఈ టిప్పన్ గురించే. కోస్తా, రాయలసీమల్లో సెంటు, తెలంగాణలో గుంట వాడుకలో ఉండడానికి కారణం ఈ గొలుసుల భేదమే. ఐదు సెంట్లు, రెండు గుంటలు, 242 గజాలు ఒకే విస్తీర్ణానికి మూడు పేర్లు. సెంటును 48.4 గజాలుగా కాక 48 గజాలుగా లెక్కకట్టే అలవాటువల్ల ఐదు సెంట్లకు రెండు గజాలు పోతాయి. అంకణం మరింత చిక్కు. ఒకచోట అది 36 చదరపు అడుగులు, మరొకచోట 72. అంకణాల్లో రాసిన పాత దస్తావేజును చదివేవారు ముందు ఆ ఊరి అంకణం ఎంతో తెలుసుకోవాలి.

పటంలోని రేఖలకు నేలమీద ప్రతినిధి రాయి. పొలం మూలల్లో, మూడు గ్రామాల పొలిమేరలు కలిసే చోట్ల పాతిన సర్వేరాళ్ల మధ్య దూరాలే ఎఫ్‌ఎంబీలో ఉంటాయి. ఆ రాళ్లు నిలిచి ఉన్నంతకాలం పోయిన హద్దును మళ్లీ కట్టవచ్చు. రాళ్లు పోతే పటం గాలిలో వేలాడుతుంది. రోడ్డు వేసినప్పుడు, లేఅవుటు చదును చేసినప్పుడు, పునాది తవ్వినప్పుడు ముందుగా పోయేవి ఈ రాళ్లే.

మద్రాసు రాజధానిలో 1923లో వచ్చిన సర్వే, సరిహద్దుల చట్టం ఈ రికార్డుకు గట్టి విలువ ఇచ్చింది. చట్టప్రకారం నోటీసులు, అభ్యంతరాలు, అప్పీళ్లు ముగిసి సర్వే పూర్తయినట్లు ప్రకటించాక, సివిలు న్యాయస్థానం డిక్రీతో మారితే తప్ప, ఆ హద్దులు సరిగా నిర్ణయమైనట్లు ఆ రికార్డే నిశ్చయాత్మక సాక్ష్యమని 13వ సెక్షను చెబుతుంది. దావాకు గడువు 14వ సెక్షను ప్రకారం మూడేళ్లు. ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. రికార్డు చెప్పేది హద్దు ఎక్కడన్నదే, హక్కు ఎవరిదన్నది కాదు. సర్వేయరు రాయి పాతినంతమాత్రాన హక్కు మారదు.

పటం చదవడంలోనూ ఒక జాగ్రత్త అవసరం. 1:2000 ప్రమాణంలో గీసిన పటం మీద ఒక మిల్లీమీటరు నేలమీద రెండు మీటర్లు. స్కేలు పెట్టి పటంమీద కొలిస్తే గీత మందమే ఒక ఇంటి ప్రహరీని మింగుతుంది. పటంలో రాసిన అంకెలనే తీసుకోవాలి. ఉపగ్రహ చిత్రంమీద సర్వే గీతలు పరిచి తెరమీద చూపే పటాలకు ఈ హెచ్చరిక మరింతగా వర్తిస్తుంది. అవి స్థలం ఏ ప్రాంతంలో ఉందో చెబుతాయి, గోడ ఏ అడుగులో ఉండాలో చెప్పలేవు.

5. కొలవని నేల: గ్రామకంఠం, లేఅవుటు

పైన చెప్పిన రికార్డు సాగుభూమికోసం, ప్రధానంగా శిస్తు నిర్ణయంకోసం తయారైనది. 1800లో సీడెడ్ జిల్లాలు కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో చేయించిన సర్వే మొదలు, కొలత లక్ష్యం పంటనేల. ఇళ్లున్న నేలకు శిస్తు లేదు, కాబట్టి దానిని విడివిడిగా కొలవవలసిన అవసరం సర్కారుకు కనిపించలేదు. ఊరి నడుమ ఇళ్లున్న భాగం మొత్తం గ్రామకంఠంగా, తెలంగాణ వాడుకలో ఆబాదీగా, ఒకే ముక్కగా పటంలో నిలిచింది. పొలానికి లింకుల్లో కొలత ఉంది, తరతరాలుగా కాపురమున్న ఇంటికి లేదు. గ్రామకంఠంలోని ఇంటికి హద్దు చెప్పగలిగేవి పాత పంపకపు కాగితాలు, పంచాయతీ పన్ను రసీదులు, పెద్దల మాట.

ఈ ఖాళీని పూరించడానికి కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకాన్ని ప్రారంభించింది. సర్వే ఆఫ్ ఇండియా సహకారంతో డ్రోన్లద్వారా గ్రామీణ నివాసప్రాంతాల పటాలు తయారుచేయడం దీని పని. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే కూడా 2020 డిసెంబరులో మొదలైంది. డ్రోను చిత్రానికి గొప్ప ప్రయోజనం ఉంది, ఒక పరిమితీ ఉంది. పైనుంచి చూసే కెమెరాకు కప్పు కనిపిస్తుంది, గోడ కనిపించదు. మన పెంకుటిళ్లకు, తాటాకు ఇళ్లకు చూరు గోడకంటే రెండు మూడు అడుగులు ముందుకు ఉంటుంది. రెండిళ్ల చూర్లు కలిసిన సందులో హద్దు ఎక్కడుందో నేలమీదికి దిగి, ఇరుగుపొరుగుల సమక్షంలో తేల్చవలసిందే. అదీకాక చిత్రం చూపేది నేటి అనుభవాన్ని, దాని వెనుక ఉన్న హక్కును కాదు.

లేఅవుటు స్థలాల్లో సమస్య వేరు. అక్కడ పటం కొత్తది, ప్లాట్లు నిటారుగా, అంకెలు గుండ్రంగా ఉంటాయి. కాని లేఅవుటు పుట్టిన సర్వే నంబరు వంకరగానే ఉంటుంది. మొత్తం భూమిని సర్వేరాళ్లనుంచి కట్టకుండా, ఒక మూల రోడ్డునుంచి టేపు పరుస్తూ ప్లాట్లు విడగొడితే పొరపాటు వరుస చివరకు చేరుతుంది. ప్రతి ప్లాటులో మూడు అంగుళాలు ఎక్కువ పోతే పది ప్లాట్ల తరువాత రెండున్నర అడుగులు కరవవుతాయి. కాగితంమీద 40 అడుగులున్న చివరి ప్లాటు నేలమీద ముప్పై ఏడున్నర. దాని యజమాని పక్కవారితో పోట్లాడతాడు, పక్కవారి స్థలంలో లోటు ఉండదు. అది వరుస మొత్తంలో పంచుకొని ఉంటుంది. ఈ తగాదాను రెండు ప్లాట్లను కొలిచి తీర్చలేం.

6. ఇంటి ప్లానుకు పునాది హద్దే

హద్దు తేలకుండా గీసిన ఇంటి ప్లాను ఎంత అందమైనదైనా నిరాధారం. నిర్మాణ నిబంధనలు చెప్పే ప్రతి దూరమూ హద్దునుంచే మొదలవుతుంది. ఇంటిచుట్టూ విడవవలసిన ఖాళీ, వాడుకమాటలో సెట్‌బ్యాక్, స్థలం విస్తీర్ణాన్ని, ఇంటి ఎత్తును, ఎదుటి రోడ్డు వెడల్పును అనుసరించి మారుతుంది. పక్క హద్దునుంచి ఒక మీటరు విడవాలనుకుందాం. హద్దును 30 సెంటీమీటర్లు తప్పుగా అనుకొని ఇల్లు కట్టినవారు మీటరు విడిచామనే నమ్ముతారు, నిజానికి విడిచింది 70 సెంటీమీటర్లు. స్తంభం నిలిచాక దానిని జరపలేం. వాలిన స్థలంలో ఇల్లు మూలమట్టంగా కడతారు కాబట్టి ఖాళీని అతి ఇరుకైన చోట కొలవాలి, సౌకర్యమైన చోట కాదు.

రోడ్డు విషయంలోనూ ఇదే చిక్కు. రోడ్డు విస్తరణకు పోయే భాగాన్ని సాధారణంగా రోడ్డు మధ్యరేఖనుంచి లెక్కిస్తారు. నేటి తారు అంచునుంచి కొలిచి ప్రహరీ కట్టినవారికి ఆ లెక్క తరువాత తెలుస్తుంది.

తెలంగాణలో 2020 నాటి భవన అనుమతుల, స్వీయధ్రువీకరణ చట్టంతో ఈ విషయానికి కొత్త ప్రాముఖ్యం వచ్చింది. 75 చదరపు గజాలవరకు, నిర్ణీత ఎత్తులోపు ఇళ్లకు అనుమతి అవసరం లేకుండా నమోదు చాలు. 500 చదరపు మీటర్లవరకు, 10 మీటర్ల ఎత్తులోపు నివాసాలకు యజమాని స్వీయధ్రువీకరణపై తక్షణ అనుమతి లభిస్తుంది. జాప్యం తగ్గడం మంచిదే. అయితే కొలత సరైనదని హామీ ఇచ్చే బాధ్యత యజమానిమీదికి మారింది. తన స్థలం కర్ణం తెలియని యజమాని తనకు తెలియనిదానికి సంతకం చేస్తున్నాడు.

స్థలప్రణాళిక అంటే హద్దులు, గదులు మాత్రమే కాదు. నేల ఎత్తుపల్లాలు, వాననీటి దారి, వీధి కాలువ మట్టం, బావి, సెప్టిక్ ట్యాంకు, చెట్లు, విద్యుత్ స్తంభం కూడా పటంలోకి రావాలి. వీధి మట్టం తెలుసుకోకుండా గుమ్మం ఎత్తు నిర్ణయించడంవల్లనే రెండుసార్లు రోడ్డు వేయగానే ఇళ్లు గోతిలో పడుతున్నాయి. విశాఖపట్నంలోని కొండవాలు స్థలాల్లో మరొక సంగతి ఉంది. విస్తీర్ణాన్ని సమతలంమీద లెక్కిస్తారు, వాలుమీద కాదు. పదడుగులకు ఒక అడుగు లేచే వాలుమీద టేపును నేలకు ఆనించి 100 అడుగులు కొలిస్తే సమతల దూరం సుమారు 99.5 అడుగులే. టేపును మట్టంగా పట్టి, తూకపుగుండుతో బిందువును నేలకు దించడం అనుభవజ్ఞులైన చైన్‌మన్లు చేసే పని.

7. కొలత క్రమం

ఇంతవరకు చేసిన పరిశీలననుబట్టి ఇంటిస్థలం కొలతకు ఒక క్రమాన్ని సూచించవచ్చు. ముందు కాగితాలు: నేటి దస్తావేజుతోబాటు దాని మూలదస్తావేజులు, ఎఫ్‌ఎంబీ లేదా టిప్పన్ నకలు, లేఅవుటు అయితే ఆమోదిత పటం. తరువాత రాళ్లు: ఆ సర్వే నంబరుకు చెందిన రాళ్లు కనీసం మూడు దొరకాలి, వాటి మధ్య దూరాలు రికార్డుతో సరిపోవాలి. రెండే రాళ్లు దొరికితే వాటిలో ఒకటి జరిగినప్పుడు ఏది జరిగిందో తెలిసే మార్గం ఉండదు. ఆ రాళ్లనుంచి స్థలం మూలలను కట్టాలి. ఆపైన నాలుగు పక్కలు, రెండు కర్ణాలు కొలవాలి. ఆకారానికి ఒక కర్ణం చాలు, రెండవది మొదటిదానికి పరీక్ష. చివరకు గోడలు, చూర్లు, మట్టాలు నమోదు చేసి, ఉన్నది ఉన్నట్టు ఒక పటం గీసి, దస్తావేజుతో, సర్వే రికార్డుతో పోల్చాలి. కట్టబోయే ఇంటి ప్లాను ఆ తరువాతి పటం.

సాధనాలు మారినా ఈ క్రమం మారదు. టోటల్ స్టేషన్ దూరాన్నీ కోణాన్నీ ఒకేసారి కొలుస్తుంది. స్థిర కేంద్రాలనుంచి సవరణలు అందుకునే రోవరు సెంటీమీటర్ల స్థాయిలో స్థానం చెబుతుంది. చేతిఫోనులోని జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో చెబుతుంది కాబట్టి హద్దు నిర్ణయానికి పనికిరాదు. అయితే ఎంత సూక్ష్మమైన సాధనమైనా ఉన్న రాయి ఎక్కడుందో చెబుతుందేగాని, అది సరైన రాయేనా అన్నది చెప్పదు. దానికి పాత పటం, కొత్త కొలత, ఇరుగుపొరుగు సాక్ష్యం కలిపి చదవగల సర్వేయరు కావాలి.

ఎఫ్‌లైన్ దరఖాస్తు పెట్టి ప్రభుత్వ సర్వేయరుతో హద్దు చూపించుకునే మార్గం ఉంది. పొరుగువారికి నోటీసు ఇచ్చి, వారి సమక్షంలో జరిగిన కొలతకే విలువ. వివాదం కోర్టుకు చేరితే సివిలు ప్రక్రియా స్మృతి 26వ ఆర్డరు 9వ నియమం కింద అడ్వకేటు కమిషనరును నియమించి, సర్వేయరు సాయంతో స్థలాన్ని గుర్తింపజేస్తారు. కొనకముందు చేయించవలసిన కొలతే అప్పుడు ఎన్నో ఏళ్ల ఆలస్యంగా, ఎన్నో రెట్ల ఖర్చుతో జరుగుతుంది. కొలతలో తేడా బయటపడి ఇరుపక్షాలూ అంగీకరిస్తే సవరణ దస్తావేజు రిజిస్టరు చేసుకోవడం ఉత్తమం. నోటిమాట ఒప్పందం ఆ ఇద్దరి కాలంవరకే నిలుస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. దస్తావేజులో హద్దులు చెప్పే భాష శాసనకాలపు సంప్రదాయానికి వారసత్వం. పొరుగువారు తరాలపాటు మారని సమాజానికి అది సరిపోయింది. స్థలాలు తరచుగా చేతులు మారే నేటి పట్టణాలకు సరిపోదు.

2. నాలుగు పక్కల కొలతలతో స్థలం ఆకారంగాని విస్తీర్ణంగాని నిర్ణయం కావు. సగటు పద్ధతి ఎప్పుడూ ఎక్కువ విస్తీర్ణాన్నే చూపుతుంది, ఆ నష్టం కొనుగోలుదారుది.

3. సర్వే రికార్డుకు ఉన్న బలం కర్ణంలోను, రాయిలోను ఉంది. సాగుభూమికి దక్కిన ఈ కొలత గ్రామకంఠంలోని ఇళ్లకు చాలాకాలం దక్కలేదు.

4. స్వీయధ్రువీకరణ కాలంలో తప్పు కొలతకు బాధ్యత యజమానిదే కాబట్టి, ఇంటి ప్లానుకు ముందు స్థలపటం తయారుకావాలి.

5. విక్రయ దస్తావేజు షెడ్యూలులో నాలుగు హద్దులు, నాలుగు కొలతలతోబాటు రెండు కర్ణాలు, కనీసం రెండు స్థిరబిందువులనుంచి దూరాలు రాసే అలవాటు రావాలి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు. తగిన వర్ణన ఉండాలని ఉన్న చట్టమే కోరుతోంది. షెడ్యూలులో రెండు పంక్తులు పెరుగుతాయి.

దస్తావేజుల భాష, గ్రామకంఠం వాడుకలు, ప్రాంతీయ కొలమానాలు తెలుగు పరిశోధకులు ఇంకా విస్తృతంగా సేకరించవలసిన రంగాలు. ఒక్కొక్క జిల్లాలో అంకణం, కుంచం వంటి మానాలకు ఉన్న విలువలను పాత దస్తావేజులనుంచి నమోదు చేస్తే భాషాశాస్త్రానికీ, హద్దు తగాదాల్లో చిక్కుకున్న కుటుంబాలకూ అది సమానంగా ఉపకరిస్తుంది.